డీకంప్రెస్ చేశాక తెలుగు తెలుగులాగే రావాలంటే

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేటాను కుదించే కంప్రెస్, దాన్ని తిరిగి విప్పే డీకంప్రెస్ ఫంక్షన్లు 2016 వెర్షన్ నుంచి ఉన్నాయి. రెండింటిదీ జీజిప్ పద్ధతే. అయితే డీకంప్రెస్ చేతికిచ్చేది టెక్స్ట్ కాదు, వార్‌బైనరీ(మాక్స్), అంటే ముడి బైట్లు. వాటిని అక్షరాలుగా మార్చే పని కాస్ట్ అనే ఫంక్షన్‌ది. అమీర్‌పేటలో ప్రాక్టీస్ చేస్తున్నా, మాదాపూర్ ఆఫీసులో లైవ్ డేటా మీద చేస్తున్నా క్వెరీ ఇదే (ఫిర్యాదులు టేబుల్ పేరు, వివరం అందులో కాలమ్; కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి):

సెలెక్ట్ కాస్ట్(డీకంప్రెస్(వివరం) యాజ్ ఎన్‌వార్‌చార్(మాక్స్)) ఫ్రమ్ ఫిర్యాదులు;

లోపలికి ఏ టైపులో వెళ్లిందో ఆ టైపులోనే బయటికి తీయాలి. యూనికోడ్ టెక్స్ట్ టైపు ఎన్‌వార్‌చార్‌లో తెలుగు కోడ్‌పాయింట్ (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఏదైనా) ఒక్కోటి 2 బైట్లు. ‘హైదరాబాద్’ 18 బైట్లు. దాన్ని మరో టెక్స్ట్ టైపైన వార్‌చార్‌గా కాస్ట్ చేస్తే హ బదులు 9, ద బదులు &, ర బదులు 0 కనిపిస్తాయి. డేటా పోలేదు, టైపు మార్చండి చాలు. ప్రశ్నార్థకాలు వరుసకట్టాయంటే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే: సాధారణంగా అది ఇన్సర్ట్‌లో కోట్స్ ముందు ఎన్ పెట్టకపోవడం వల్ల. అక్షరాలు కంప్రెస్ కాకముందే పోయాయి.

అప్లికేషనే యూటీఎఫ్-8 అనే వేరే ఎన్‌కోడింగ్‌లో జీజిప్ చేసి పంపితే ఎన్‌వార్‌చార్ పనికిరాదు. 2019 లేదా ఆ తర్వాతి వెర్షన్‌లో, యూటీఎఫ్-8 కొలేషన్ (అక్షరాల ఎన్‌కోడింగ్, పోలిక నియమాల సెట్టింగ్) డిఫాల్ట్‌గా ఉన్న డేటాబేస్‌లో వార్‌చార్(మాక్స్)గా కాస్ట్ చేయండి. మామూలు డేటాబేస్‌లో కాస్ట్ చేసి వెనక కొలేట్ తగిలిస్తే లాభం లేదు. అప్పటికే బైట్లను పాత కోడ్‌పేజీ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక)తో చదివేసి ఉంటుంది.

మాక్స్ రాయడం మరిచిపోతే 30 అక్షరాల దగ్గర చప్పుడు లేకుండా తెగిపోతుంది. మాక్స్ ఉన్నా తెగినట్టుంటే బైట్ల సంఖ్య చెప్పే డేటాలెంగ్త్‌తో సరిచూడండి. క్వెరీలు నడిపే టూల్ మేనేజ్‌మెంట్ స్టూడియో ‘రిజల్ట్స్ టు టెక్స్ట్’లో డిఫాల్ట్‌గా 256 అక్షరాలే చూపిస్తుంది.

జీజిప్ కాని బైట్లు ఒక్క వరుసలో ఉన్నా క్వెరీ ఎర్రర్‌తో ఆగిపోవచ్చు. జీజిప్ మొదటి రెండు బైట్లు హెక్స్‌లో 1ఎఫ్, 8బి. ఆ పరీక్షను వేర్‌లో కాకుండా కేస్‌లో పెట్టండి. డీకంప్రెస్ కంటే వేర్ ముందే నడుస్తుందన్న హామీ లేదు. మరో డేటాబేస్ అయిన మైఎస్‌క్యూఎల్ కంప్రెస్ చేసిన డేటా ఇక్కడ విప్పుకోదు, దాని కట్టు వేరు.

చిన్న మాటలకు ఇదంతా దండగ. జీజిప్ హెడర్, ట్రెయిలర్‌లకే 18 బైట్లు పోతాయి, అంటే మన ‘హైదరాబాద్’ అంత.