రేగడి డొంకల్లోకి మౌంటెన్ బైక్ దించే ముందు

చలి మొదలైతే బెజవాడ, గుంటూరుల్లో మూలనున్న సైకిళ్లన్నీ బయటికొస్తాయి. చిక్కేమిటంటే, మన చలికాలం పొడిగా మొదలవదు. డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలూ వాయుగుండాలూ వదలవు. 2023లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5నే.

బురదల్లో తేడా ఉంది. కొండపల్లి, మూలపాడు వైపు కొండదారుల్లో రాళ్లూ గరపా ఎక్కువ, నీళ్లు తొందరగా దిగిపోతాయి. జాగ్రత్తంతా తుళ్లూరు, తాడికొండ వైపు నల్లరేగడి డొంకల్లోనే. ఆ మట్టిలోని సన్నటి బంకపొరల మధ్యకి నీళ్లు చేరి ఉబ్బుతాయి, అందుకే అంత జిగురు. జోరువానలో అది పలచగా జారిపోతుంది. వాన వెలిసి సగం ఆరినప్పుడే కవ్వానికి వెన్న పట్టినట్టు చక్రాన్ని పట్టుకుంటుంది. రెండు మూడు రోజులు బాగా ఎండ కాశాక వెళ్లండి. అనుమానంగా ఉంటే దిగి పది అడుగులు నడవండి. చెప్పు బరువెక్కితే వెనక్కి తిరగడమే. ఆ రోజుకి కరకట్ట మీద తొక్కుకుంటే ఏం పోయింది?

బయల్దేరే ముందు టైరుకీ ఫ్రేముకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. చిటికెనవేలు దూరకపోతే రేగడికి ఆ టైరు పనికిరాదు. కాస్త సన్నగా ఉండి, గుబ్బలు ఎడంగా ఉన్నది మేలు. టైరుని అంటుకుని ఉండే మడ్‌గార్డు ఊడదీయండి, బురద ముందు పేరుకునేది అక్కడే. ఫ్రేము అడుగున వంటనూనె పల్చగా రాస్తే మట్టి అంతగా అంటదు. కానీ డిస్కు మీద ఒక్క చుక్క పడినా బ్రేకు పట్టదు, కాబట్టి సీసాతో పోయకుండా గుడ్డతోనే రాయండి. గాలి కొంచెం తగ్గించొచ్చు. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ము నొక్కుకుని ట్యూబు రెండుచోట్ల చిల్లుపడుతుంది.

అసలు నష్టం జరిగేది దారిలో. మట్టికి వరిగడ్డి తోడై వెనక గేరు దగ్గరి చిన్న పళ్లచక్రాలకి చుట్టుకుంటుంది. పెడలు బరువెక్కుతుంది, కరకరమని చప్పుడొస్తుంది. చాలామంది అప్పుడే ఇంకాస్త బలంగా తొక్కుతారు. గేరు వెళ్లి చక్రం పుల్లల్లో (స్పోకుల్లో) పడుతుంది, దాన్ని పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. అది చిన్న అల్యూమినియం ముక్కే గానీ ఒక్కో సైకిల్‌కి ఒక్కో ఆకారం. వీధిలో షాపువాడి దగ్గర దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి, మీ మోడల్‌ది ఒకటి ముందే తెచ్చి సంచిలో పడేసుకోండి. చప్పుడు వినగానే దిగి, బల్లపరుపు పుల్లతో టైరు పక్కలూ పెడళ్ల వెనక సందూ గీకండి. సీసాలో నీళ్లు తాగడానికి ఉంచుకుని, కొంచెం మాత్రం ఆ పళ్లచక్రాల మీద పోయండి. అయినా తిరగకపోతే నెట్టొద్దు, నెట్టేకొద్దీ ఇంకా పేరుకుంటుంది. భుజానికెత్తుకోవాల్సిందే.

తారురోడ్డు ఎక్కాక తేలిపోయిందనుకోకండి. ట్రాక్టర్లు రాల్చిన మట్టిపెళ్లలు మంచుకి తడిసి జారుతుంటాయి, మలుపుల్లో బ్రేకు గట్టిగా నొక్కొద్దు. వెనక లైటు మీది బురద తుడవండి. కృష్ణ పక్కన పొగమంచులో లారీవాడికి కనపడేది అదొక్కటే.

ఇంటికి రాగానే కడగాలి, ఎండితే గోకినా రాదు. కాలవలో దించేయడం మాత్రం వద్దు, చక్రాల బేరింగుల్లోకి నీళ్లు దూరతాయి. వాటర్ సర్వీసింగ్ గన్ను కూడా అంతే, గ్రీజుని తోసేసి మట్టిని లోపలికి కొడుతుంది. బకెట్టు, మగ్గు, మెత్తటి బ్రష్ చాలు. మొదట ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాల మీది మట్టిని నానబెట్టి జారనివ్వండి, పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. చెయిన్ పూర్తిగా ఆరాక లింకుకో చుక్క చెయిన్ ఆయిల్ వేసి, పైకి కనిపించేదంతా తుడిచేయండి. బండిలోంచి తీసిన పాత ఇంజనాయిల్ వద్దు, అందులో మసీ లోహపు పొడీ ఉంటాయి. బ్రేకు ప్యాడ్లు కూడా చూడండి. ఇసుక కలిసిన బురదలో ఒక్కరోజుకే బాగా అరిగిపోవచ్చు, మిగిలింది 1 మిల్లీమీటరు లోపైతే మార్చేయాలి. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు బాత్రూములో కడగొద్దు, రేగడి డ్రైనేజీ పైపులో దిగి గట్టిపడితే ప్లంబర్ని పిలవాల్సొస్తుంది.