నట్టల మందును అది పట్టుకునే గ్రాహకాన్ని బట్టి ఎంచుకోవడం

పశువులకు నట్టల మందు ఎంచుకునేటప్పుడు సీసాపై పెద్ద అక్షరాల్లో ఉన్న వ్యాపారనామాన్ని పక్కన పెట్టి, దాని కింద చిన్నగా ముద్రించిన అసలు మందు పేరును చదవాలి, ఎందుకంటే అది పురుగు నాడీవ్యవస్థలో ఏ గ్రాహకాన్ని (రసాయన సంకేతాన్ని అందుకునే ప్రొటీన్‌ను) పట్టుకుంటుందో ఆ పేరును బట్టే తెలుస్తుంది.

లివామిసోల్, పైరాంటెల్, మొరాంటెల్ ఒకే కోవకు చెందినవి. గుండ్రటి పురుగుల్లో నాడి చివర నుంచి వెలువడే ఎసిటైల్‌కోలిన్ అనే సంకేత రసాయనం కండరంపై ఉన్న నికోటినిక్ గ్రాహకాన్ని తాకినప్పుడు కండరం ముడుచుకుంటుంది. ఆ వెంటనే ఒక ఎంజైము ఎసిటైల్‌కోలిన్‌ను విచ్ఛిన్నం చేయడంతో సడలుతుంది. ఈ మందులు అదే గ్రాహకానికి అతుక్కుంటాయి గానీ ఆ ఎంజైముకు లొంగవు. అందువల్ల కండరం బిగుసుకుపోయి, పురుగు పేగులో పట్టు కోల్పోయి పేడతో బయటికి వస్తుంది. లివామిసోల్ మోతాదు మించితే పశువు సొంత నికోటినిక్ గ్రాహకాలు కూడా ప్రేరేపితమై చొంగ, వణుకు కనిపిస్తాయి కనుక, బరువు తూచిన తర్వాతే దాన్ని తాగించాలి.

పైపరజీన్ ఇందుకు విరుద్ధంగా, గాబా అనే శాంతపరిచే సంకేత రసాయనానికి చెందిన గ్రాహకాలను ప్రేరేపించి కండరాన్ని సడలిస్తుంది. కాబట్టి దాన్ని పైరాంటెల్‌తో కలిపి ఇవ్వకూడదు. ఒకదాని ప్రభావాన్ని మరొకటి చెరుపుతుంది.

ఐవర్‌మెక్టిన్ పనిచేసే చోటు వేరు. గ్లూటమేట్ అనే మరో సంకేత రసాయనం తాకితే తెరుచుకుని, కణంలోకి క్లోరైడ్‌ను వదిలే మార్గాలు వెన్నెముక లేని జీవుల్లోనే ఉంటాయి. ఈ మందు వాటిని తెరిచి, మళ్లీ మూసుకోనివ్వదు. క్లోరైడ్ లోపలికి చేరిన నాడీకణాలూ కండరకణాలూ ఉత్తేజం పొందలేవు, పురుగు గొంతు కండరం ఆగిపోయి ఆహారం మింగలేదు. పశువుకు ఇంత హాని కలగకపోవడానికి ఆ మార్గాలు లేకపోవడం ఒక కారణమైతే, పి-గ్లైకోప్రొటీన్ అనే కాపలా ప్రొటీన్ ఈ మందును మెదడులోకి చేరనివ్వకపోవడం మరొకటి. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఆ ప్రొటీన్ తయారుచేసే జన్యువు లోపభూయిష్టంగా ఉంటుంది; కాబట్టి పశువుల కోసం తయారైన ఐవర్‌మెక్టిన్‌ను అంచనాతో కుక్కకు ఇవ్వడం ప్రాణాంతకం కావచ్చు. బద్దె పురుగులకూ కార్జపు జలగలకూ ఈ మందు పనికిరాదు.

ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ నాడీ గ్రాహకాల జోలికి పోవు. అవి పురుగు కణాల్లోని ట్యూబ్యులిన్ అనే నిర్మాణ ప్రొటీన్‌ను దెబ్బతీస్తాయి.

మందు మార్చేటప్పుడే ఈ తేడాలు అన్నిటికంటే ఎక్కువగా అక్కరకొస్తాయి. లివామిసోల్‌కు లొంగని పురుగులపై మొరాంటెల్ వాడితే గ్రాహకం మారదు గనుక ఫలితం అనుమానమే, కోవనే మార్చాలి. లొంగుతున్నాయో లేదో ఊహించకుండా, మందుకు ముందూ తర్వాతా పేడలో గుడ్లు లెక్కించాలి. రెండో లెక్క సాధారణంగా 14 రోజులకు, లివామిసోల్ అయితే సుమారు 7 రోజులకు తీయాలి. గొర్రెల్లో గుడ్ల తగ్గుదల 95 శాతానికి చేరకపోతే పురుగులు ఆ కోవకు నిరోధకత పెంచుకున్నాయని అనుమానించి పశువైద్యులను సంప్రదించాలి.