చెరువు కింది చిన్న ఇల్లు: వానాకాలం తలుపు బిగుసుకుంటే, గచ్చు ఉబ్బితే

"గోడలు పగిలినయ్ అన్నా, ఏ కెమికల్ కొట్టాలె?" అని ఫోన్ చేసేవాళ్లను నేను మొదట అడిగేది ఒకటే: మట్టం పైపు (నీళ్లు నింపి ఎత్తులు సరిచూసే సన్నటి గొట్టం) పట్టి చూశారా? చాలామంది పట్టరు. "రోడ్డు మీదికెళ్లి మూడడుగులు లేపినం" అంటారు. మీ పైనున్న చెరువు మత్తడి దుంకినప్పుడు నీళ్లు ఏ ఎత్తున పారాయో అదీ కొలత, రోడ్డు కాదు. పాత ప్రహరీల మీద, కరెంటు స్తంభాల మీద వరద మరక కనిపిస్తుంది. పైపు అక్కడ పెట్టి మీ గచ్చు దాకా తీసుకురండి. గచ్చు ఆ మరక కంటే అడుగున్నరైనా పైన లేకపోతే మిగతాది చదివి లాభం లేదు. స్థలం ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు గీత) లోపల ఉందా, ఆ గీత నుంచి ఇల్లు కట్టకూడని ముప్పై మీటర్ల బఫర్‌లో ఉందా (పాతిక ఎకరాల లోపు చెరువుకైతే తొమ్మిది మీటర్లు) అన్నది కొనేముందే చూసుకోవాలి. శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమిలో, కట్టిన ఇంటికి నా దగ్గర రిపేరు లేదు.

మామూలు ముంపు గురించే చెబుతున్నాను. 2023 జూలై 27 పొద్దుటికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అదే రోజు భూపాలపల్లి జిల్లా మొరంచపల్లిలో జనం ఇళ్ల మీదికెక్కారు. అలాంటి రోజుకు ఏ ఎత్తూ చాలదు. డాబా మీదికి బయటినుంచి మెట్లు పెట్టుకోండి, అంతే.

నీళ్లు గడప దాటకముందే లెట్రిన్‌లోంచి పైకి వస్తున్నాయి

సెప్టిక్ ట్యాంకు వరద మట్టం కంటే కింద ఉంది, నీళ్లు పైపులో వెనక్కి తన్నుతున్నాయి. లైనుకు నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లను ఒకవైపే పోనిచ్చేది) పెట్టండి, ఛాంబర్ మూతలు పైకి లేపండి. నడి వానాకాలంలో మాత్రం ట్యాంకు పూర్తిగా తోడించకండి. చుట్టూ ఊటనీళ్లున్నప్పుడు ఖాళీ ట్యాంకు పడవలా తేలి పైపులను తెంపుతుంది.

మోకాలి ఎత్తు దాకా చెమ్మ, తెల్లగా ఉప్పు

నేల తడి గోడలోకి ఎక్కకుండా పునాది మీద వేసిన చెమ్మ పట్టీని ఎక్కడో దాటేశారు. తర్వాత కట్టిన అరుగు, ఎత్తు పెంచిన సీసీ రోడ్డు, నేలదాకా దింపిన సిమెంటు ప్లాస్టరింగ్, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. పట్టీ దగ్గర ప్లాస్టరింగ్ కోసేసి, కింది భాగానికి సున్నం పూత ఇవ్వండి. వాటర్‌ప్రూఫ్ రంగు కొడితే చెమ్మ ఇంకో జానెడు పైకెక్కుతుంది.

శ్రావణంలో తలుపు బిగుసుకుంటుంది, రోహిణి ఎండల్లో వదులవుతుంది. టైల్స్ డొల్ల మోగుతాయి. మధ్యగోడ పగులుతుంది

నన్ను ఏడిపించింది ఇదే. హనుమకొండ శివారులో, ఒక చెరువు కింద రెండు గదుల ఇల్లు. పగులు చూడగానే పునాది కుంగిందని తేల్చేశాను. పిల్లర్ పక్కన గుంత తవ్వించి, ఫుటింగ్ చుట్టూ కాంక్రీటు పోయించాను. మళ్లీ శ్రావణం వచ్చింది, అదే తలుపు, అదే పగులు. ఆ ఇంటాయన నన్నేమీ అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. ఓ రోజు బాత్రూం పైపు కోసం టైలు పగలగొడితే కింద నల్లటి గడ్డలు. పిల్లర్లు, ప్లింత్ బీము (గోడల కింద పిల్లర్లను కలిపే బీము) భేషుగ్గా ఉన్నాయి. పునాది తవ్వినప్పుడు వచ్చిన రేగడినే జేసీబీతో బేస్‌మెంట్‌లోకి తోసి, మీద టైల్స్ వేశారు. "మన మట్టే గదా, మొరం లారీకి పైసలెందుకు దండుగ" అన్నారట అప్పట్లో.

ఈ మధ్య పర్యావరణ ఇల్లు కడతామని వచ్చేవాళ్లూ ఇదే అంటున్నారు. సొంత స్థలం మట్టి వాడటం మంచి ఆలోచనే, కానీ రేగడిని రేగడిగా వాడితే కాదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఇంటి కింద ఎండ తగలదు గనక నడిమిట్లో తడి ఏటేటా పేరుకుని గచ్చు దిబ్బలా లేస్తుంది. నాలుగంగుళాల మధ్యగోడలకు కింద బీము వేయరు, గచ్చు మీదే నిలబెడతారు. గచ్చు లేస్తే గోడా లేస్తుంది, చౌకట్టు వంకరపోతుంది. బయటి గోడలకు గీత కూడా పడదు. నేను మోసపోయింది అందుకే.

కాబట్టి గునపం పట్టేముందు ఒక గోలీ తెచ్చి గది మధ్యలో పెట్టండి. గోడల వైపు దొర్లితే నడుమ ఉబ్బింది. గోడ దగ్గర పెట్టినప్పుడు మధ్యకు వస్తే, దిమ్మిస సరిగా కొట్టక కుంగింది, అది వేరే రోగం. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. కాలంతోపాటు తెరుచుకుని మూసుకునే పగులు రేగడిదే.

తర్వాత ఓ మూల టైలు తీసి దోసెడు మట్టి తీయండి. ఎండబెట్టి, నలిపి, జల్లించి, రెండు సన్నటి గాజు గ్లాసుల్లో సమానంగా పోయండి. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్. దొరక్కపోతే డీజిల్. ఒక రోజు ఆగండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్ల గ్లాసులో మట్టి దానికంటే సగం ఎక్కువ ఎత్తుకొస్తే ఇక అనుమానమే వద్దు. ల్యాబ్‌లో చేసే పరీక్ష కూడా ఈ పద్ధతే, వాళ్లు కొలత గీతలున్న గాజు గొట్టంలో చేస్తారు.

పరిష్కారం మురికి పని. ఎండాకాలంలో పెట్టుకోండి, మిరుగు లోపు ముగించండి. గచ్చు లేపి కనీసం రెండడుగుల రేగడి తీసేయాలి. మొరం ఆరంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరా తడిపి దిమ్మిస కొట్టాలి. సుతారి ఒకేసారి రెండడుగులు నింపి నీళ్లు వదులుతానంటే ఒప్పుకోకండి. మొరం తేలేకపోతే తీసిన రేగడినే పొడి చేసి, నూటికి ఐదు పాళ్ల సున్నం కలిపి, తడిపి, ఒక రోజు మాగనిచ్చి అదే తీరుగా దిమ్మిస కొట్టండి. సొంత మట్టితో కట్టాలన్న ముచ్చట అలా తీరుతుంది. మధ్యగోడను మళ్లీ నాలుగంగుళాల ఇటుకతో లేపితే కింద చిన్న బీము వేయండి. వెదురు తడకో చెక్కో అయితే అదీ అక్కర్లేదు. బయట ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున వాలుగా బండలు పరచండి, డాబా నీళ్లు వాటి మీద కాకుండా మోరీలో పడాలి.

కాకతీయులు రామప్ప గుడి కింద ఇసుక పోశారు. మనం పడగ్గది కింద రేగడి పోస్తున్నాం.

కొత్తగా కట్టేవాళ్లకు ఇంకొకటి. రేగడిలో దిగేసే గంట పైల్స్ (అడుగున గంటలా వెడల్పయ్యే కాంక్రీటు స్తంభాలు), రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్ఐ వాళ్లు తెచ్చినవి, చిన్న ఇంటికి బాగా పనికొస్తాయి. వాటి మీది బీముకూ నేలకూ మధ్య మూడంగుళాల ఖాళీ వదలాలి. మేస్త్రీలు సందు బాగాలేదని దాన్ని మట్టితో పూడ్చేస్తారు. దగ్గరుండి చూసుకోండి.

పగుళ్లకు చెదలు, సిమెంటు కల్తీ, ఇసుకలో ఉప్పు, చెట్ల వేర్లు అని రకరకాల కారణాలు చెబుతారు. మొదటి మూడూ ఇన్నేళ్లలో ఒకటి రెండుసార్లు చూశానేమో. వేర్ల సంగతి నిజమే, పెద్ద చెట్టు ఎండాకాలం రేగడిలో తడి లాగేస్తుంది. అయినా గ్లాసు పరీక్ష చేయకుండా వాకిట్లో వేపచెట్టు మీద గొడ్డలి వేయకండి.