రుమేనియా చలికాలపు వేషాలు చూడబోయే ముందు

డిసెంబరు 27న మారమురేష్ ప్రాంతంలోని సిగెత్ పట్టణంలో, 30న బకావ్ జిల్లా కొమనెష్టిలో, 31న ఈశాన్య రుమేనియా పల్లెల్లో వేషాలు కడతారు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలకు అవి సెలవు రోజులు. నలుగురు కలిసి రైలెక్కేస్తారు. వాళ్ల కోసమూ, వాళ్లను చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నల కోసమూ ఇది రాస్తున్నాను. నేను మొదటిసారి వెళ్లినప్పుడు చెప్పేవాళ్లు లేక చాలా తిప్పలు పడ్డాను.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది, వేషం వేసిన మనిషికి మీరు సరిగ్గా కనిపించరని. ‘కాప్రా’ అంటే మేక వేషం. కర్రకు బిగించిన చెక్క తలను పట్టుకుని, మీద రంగుల దుప్పటి కప్పుకుని, లోపల మనిషి వంగి ఆడతాడు. అతనికి కనిపించేది తన కాళ్ల ముందున్న నేల మాత్రమే. తాడు లాగితే మేక కింది దవడ టకటకా కొట్టుకుంటుంది. ఆ చప్పుడుకు పిల్లలు ముచ్చటపడి దాని నోట్లో వేలు పెట్టబోతారు. అది గట్టి చెక్క, వేలు నలుగుతుంది. ‘ఉరీత్సి’ అంటే వికారులు. గొర్రెతోలు, కొమ్ములు, పళ్లకు బదులు చిక్కుడు గింజలు పెట్టి వాళ్ల ముసుగులు కుడతారు. కళ్ల దగ్గర చిన్న చీలికలే ఉంటాయి కాబట్టి పక్కన ఎవరున్నారో తెలియదు. అందుకని వాళ్లు తప్పుకుంటారని చూడకుండా మనమే తప్పుకోవాలి. గుంపు గుండ్రంగా తిరిగేటప్పుడు బయటి వరస చాలా దూరం విసురుగా వస్తుంది. రోడ్డు మలుపులో, గోడకు ఆనుకుని మాత్రం నిలబడకండి, వెనక్కి జరగడానికి చోటుండదు.

కొమనెష్టి ఎలుగుబంటి వేషాల సంగతి వేరే. అవి బట్టతో కుట్టిన బొమ్మలు కావు, నిజమైన ఎలుగుబంటి తోళ్లు. చాలా ఇళ్లలో తాత నుంచి మనవడికి వస్తాయి. కొన్ని 40 కిలోలకు పైనే తూగుతాయి. ఎలుగు తల ఆడేవాడి నెత్తిమీద ఉంటుంది, ఎర్ర కుచ్చులు వేలాడుతుంటాయి. డప్పులు మోగుతుంటే పదుల కొద్దీ ఎలుగులు ఒకేసారి గుర్రుమంటూ వచ్చి, ఉన్నట్టుండి నేలమీద పడి చచ్చినట్టు పడుకుంటాయి, మళ్లీ లేస్తాయి. పాత సంవత్సరం పోయి కొత్తది పుట్టడమన్నమాట. ఒకప్పుడు రోమా (జిప్సీ) జాతి ‘ఉర్సారి’లు బతికున్న ఎలుగుల్ని ఊరూరా తిప్పి ఆడించేవాళ్లు, ఈ ఆటకు ఆ వాసన ఉంది. అంత బరువుతో పడి లేచే మనిషి కాలు మంచు మీద జారితే ఆపుకోలేడు. ఫోటో కోసం వరస మధ్యలోకి దూరేవాళ్లను చూస్తే నాకు గుండె దడదడలాడుతుంది. తోలును తడమడం, తోక లాగడం వద్దేవద్దు. పులివేషగాడి తోక లాగితే మన ఊళ్లో పెద్దవాళ్లు ఊరుకుంటారా!

కొరడాలు చెళ్లుమనిపించే గుంపులుంటాయి. కొరడా ఎంత పొడుగుందో చూసుకుని, దానికి రెండింతల దూరంలో ఉండండి.

యాష్ జిల్లాలో రుజినోవాసా అనే ఊరుంది. ఏడాది చివరి రోజున అక్కడ పైవీధివాళ్లు, కిందివీధివాళ్లు ముసుగులు వేసుకుని కర్రలతో నిజంగానే కొట్టుకుంటారు. తలలు పగులుతాయి. దూరంగా ఒక ఇంటి పెరట్లో నిలబడి చూడగలిగితే చూడండి, లేదంటే మానేయండి. పిల్లలతో మాత్రం వెళ్లొద్దు.

ఇక చలి. రాత్రిళ్లు సున్నాకు 10 డిగ్రీల కిందికీ పోతుంది. వేషాలు చూడడమంటే మూడు నాలుగు గంటలు ఒకేచోట నిలబడడం, నడిచేటప్పటికన్నా చలి ఎక్కువ కొరుకుతుంది. జీన్స్ ప్యాంటు, నూలు సాక్సులు పనికిరావు. నూలు చెమటను పీల్చుకుని తడిగానే ఉంటుంది, ఆ తడి గడ్డకట్టించేస్తుంది. ఒంటికి ఉన్ని, దానిపైన ఇంకో ఉన్ని, అన్నిటికన్నా పైన గాలి దూరని కోటు వేసుకోండి. బూట్లు కాస్త వదులుగా ఉండాలి, బిగుతైతే వేళ్లకు రక్తం అందదు. వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కితే వెంటనే వెచ్చని గదిలోకి వెళ్లండి. రుద్దకండి, మంటకు దగ్గరగా పెట్టకండి. ఫోను లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. ప్రమాదమేదైనా జరిగితే 112కు ఫోన్ చేయాలి కాబట్టి అందులో ఛార్జింగ్ మిగలాలి.

ప్రతి ఇంటి ముందూ ‘ట్సుయికా’ చేతికిస్తారు, ప్లమ్ పండ్లతో కాచిన సారా. ప్రేమగా ఇస్తారు, కాదనడం కష్టం. తాగితే ఒళ్లు వెచ్చబడ్డట్టుంటుంది గానీ నిజానికి లోపలి వేడి చర్మం దారిన బయటికి పోతుంది. గుండె మీద చెయ్యి పెట్టుకుని ‘ను, ముల్త్సుమెస్క్’ (వద్దండీ, థాంక్స్) అంటే ఎవరూ నొచ్చుకోరు. బదులుగా రొట్టె పెడతారు, తినండి.

స్నేహితులు మిమ్మల్నే వేషం కట్టమంటే సంతోషంగా ఒప్పుకోండి. ఆ పిలుపు అందరికీ రాదు. అయితే కళ్లజోడు ఆవిరి పట్టి ఏమీ కనబడదు. ముసుగు లేనివాడొకడు మీ పక్కనే ఉండి దారి చూపాలి. అరగంటకోసారి ముసుగు తీసి గాలి పీల్చుకోండి, చెమట తుడుచుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్లకు పాత గొర్రెతోలు పడదు. టపాసులు పేలే చోట గడ్డి వేషం, బొచ్చు వేషం చాలా ప్రమాదం, నిప్పురవ్వ పడితే క్షణంలో అంటుకుంటుంది.

మీరు అక్కడే అద్దెకుంటే వేషాలు తలుపు దగ్గరికే వస్తాయి. ‘ప్రిమిత్సి కాప్రా?’ అంటారు, మేకను రానిస్తారా అని. మనింటి ముందుకు గంగిరెద్దు వచ్చినట్టే, వట్టి చేతులతో పంపకూడదు. చిన్న లేయి (అక్కడి డబ్బు) నోట్లు, ఆపిళ్లు, అక్రోట్లు ముందే సిద్ధం చేసుకోండి. ఇంట్లో ఒంటరిగా ఉంటే మాత్రం గుమ్మం దగ్గరే ఇచ్చి పంపండి, లోపలికి పిలవక్కర్లేదు.

ఎలుగు తోలు, గోళ్లు, కోరలు ఎవరైనా అమ్మజూపితే కొనకండి. ఎలుగు అక్కడ రక్షిత జంతువు, అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటిస్తే కేసవుతుంది. గుర్తుగా కావాలంటే పల్లెల్లో చేతితో చేసే చెక్క ముసుగో గుడ్డ ముసుగో తెచ్చుకోండి.

చిన్నపిల్లల్ని తీసుకెళ్తే ముందురోజే ఫోటోలు చూపించి, లోపలున్నది మనిషేనని చెప్పండి. అయినా జడుసుకుని ఏడిస్తే బలవంతంగా ముందుకు తోయకండి. గుంపు ఆగి సేద తీరేటప్పుడు ఒక వేషగాడి దగ్గరికెళ్లి పాపను చూపించి సైగ చేయండి. నేను అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు మోకాళ్ల మీద కూర్చుని, తమ చేత్తోనే ముసుగెత్తి నవ్వారు. ఆ ముసుగును మీరు మాత్రం లాగకండి.