షెడ్డు డిజైన్ – 4వ పాఠం: కప్పును పైకి లాగే గాలి

పోయిన పాఠంలో పర్లిన్ (కప్పు రేకుల్ని మోసే అడ్డ దూలం) మీద కిందికి పడే బరువులు లెక్కేశాం. చదరపు మీటరుకు రేకు, పర్లిన్ సొంత బరువు 0.12 కిలోన్యూటన్లు, లైవ్ లోడ్ (పైకెక్కే మనుషులు, సామాను లాంటి వచ్చిపోయే బరువు) 0.75. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను లెక్క అక్కడితో ఆపేసి మా సీనియర్ గారికి ఇచ్చాను. ఆయన నా బొమ్మ మీద పెన్సిల్‌తో పైకి ఒక బాణం గీసి, "ఇదెంతో కనుక్కుని రా" అన్నారు. ఈ పాఠమంతా ఆ బాణం గురించే.

మన షెడ్డు అచ్యుతాపురంలో ఉందనుకుందాం. ఎత్తు 10 మీటర్లు, కప్పు వాలు పదికి ఒకటి. పర్లిన్ స్పాన్ (రెండు ఆధారాల మధ్య పొడవు) 6 మీటర్లు, వాటి మధ్య దూరం 1.5. గాలి భారాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం, 2015 ప్రతి తెరవండి. విశాఖ దగ్గర మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు. ఈ వేగాన్ని కె1 నుంచి కె4 దాకా నాలుగు గుణకాలతో గుణించాలి. రెండో రకం నేల (అడ్డంకులు అక్కడక్కడే ఉన్న బయలు), చదునైన చోటు కాబట్టి కె1, కె2, కె3 మూడింటి విలువా 1. తూర్పు తీరానికి 60 కిలోమీటర్ల లోపు ఫ్యాక్టరీ కనుక కె4 మాత్రం 1.15. వేగం 50 × 1.15 = 57.5 అయింది.

ఒత్తిడి = 0.6 × 57.5 × 57.5 = చదరపు మీటరుకు 1984 న్యూటన్లు, అంటే 1.98 కిలోన్యూటన్లు.

ఇదే షెడ్డు పటాన్‌చెరులో అయితే వేగం 44, కె4 ఒకటి, ఒత్తిడి 1.16 మాత్రమే. అక్కడి డ్రాయింగు మీద ఊరి పేరు మార్చి ఇక్కడికి పంపితే ప్రమాదం. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి విమానాశ్రయం కప్పు ఏమైందో విశాఖవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇక ఈ ఒత్తిడిలో కప్పు మీద ఎంత పనిచేస్తుందో చెప్పే గుణకాలు. ఎత్తు వెడల్పులో సగం దాటకపోతే, ఈ వాలుకి బయటి గుణకం సుమారు −0.94 (మైనస్ అంటే పైకి లాగడం). లోపలిది తలుపుల మీద ఆధారపడుతుంది. గోడల్లో తెరిచిన భాగం 5 శాతం లోపైతే 0.2, 5 నుంచి 20 శాతం మధ్యైతే 0.5. గాలి లోపలికి దూరి కప్పును కింద నుంచి తోస్తుంది, బయట పైనుంచి లాగుతుంది, రెండూ కలుస్తాయి. మూసిన షెడ్డుకి 1.14, షట్టర్లు తెరిచి ఉంటే 1.44. తుపాను రోజున షట్టరు ఊడిపోదని హామీ ఏముంది? నేనైతే 1.44 తీసుకుంటాను. తగ్గింపు గుణకాలేవీ ఇప్పుడు వాడటం లేదు.

1.98 × 1.44 × 1.5 = మీటరుకు 4.28 కిలోన్యూటన్లు, పైకి. కిందికి లాగే సొంత బరువు 0.18. ఉక్కు కట్టడాల ప్రమాణం ఐఎస్ 800 ప్రకారం, గాలికి 1.5, సొంత బరువుకి 0.9 భద్రతా గుణకాలతో, 1.5 × 4.28 − 0.9 × 0.18 = 6.26. మూమెంటు, అంటే పర్లిన్‌ను వంచే ప్రభావం, భారం × స్పాన్ వర్గం ÷ 8, కనుక 6.26 × 36 ÷ 8 = 28.2 కిలోన్యూటన్ మీటర్లు. లైవ్ లోడ్‌తో వచ్చే మూమెంటు పోయిన పాఠంలో 8.8. మూడు రెట్లు దాటింది!

పరిమాణం ఒక్కటే కాదు, నొక్కుడు పడే చోటు కూడా మారింది. బరువు కిందికి ఉన్నప్పుడు పర్లిన్ పై ఫ్లాంజి (అంచున ఉండే అడ్డ పట్టీ) నొక్కుకుంటుంది, దాన్ని రేకు స్క్రూలు పట్టుకుంటాయి. గాలి పైకి లాగితే నొక్కుడు కింది ఫ్లాంజికి పోతుంది, దాన్ని పట్టుకునేదేమీ లేదు. ఒక ప్లాస్టిక్ స్కేలు నిలబెట్టి పైనుంచి వేలితో నొక్కండి. విరగకముందే పక్కకు ఒరుగుతుంది. మధ్యలో రెండు వేళ్లతో పట్టుకుని మళ్లీ నొక్కండి, ఎంత ఎక్కువ బలం పడుతుందో చూడండి.

ఆ రెండు వేళ్ల పని షెడ్డులో చేసేది సాగ్ రాడ్ (పర్లిన్లను ఒకదానితో ఒకటి కలిపే సన్న కడ్డీ), దాన్ని కింది ఫ్లాంజికి దగ్గరగా కట్టినప్పుడు. ఎక్కడ, ఎన్ని కట్టాలో 5వ పాఠంలో లెక్కేద్దాం. ఈలోగా స్పాన్ 7.5 మీటర్లు చేసి మూమెంటు మళ్లీ కట్టండి. 44 దగ్గర రావాలి.