సబ్‌డొమైన్ మారినా సర్వర్ మారలేదు: నా అనుభవం

హనుమకొండలో మా కాలనీ పిల్లల కోసం, అద్దెకు తీసుకున్న ఒకే యంత్రంపై టెరోడాక్టిల్ అనే గేమ్ సర్వర్ల నిర్వహణ ప్యానెల్ ద్వారా మూడు మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్లను నడుపుతున్నాను. ఒకే యంత్రంపై ఉన్న సర్వర్లను వేరుచేసే పోర్టు సంఖ్యలు గుర్తుంచుకోవడం వారికి కష్టమవుతోందని, ప్యానెల్‌కు సబ్‌డొమైన్ (ప్రధాన డొమైన్ పేరుకు ముందు చేర్చే ఉప పేరు) యాడ్ఆన్ పెట్టి ఒక్కో సర్వర్‌కు ఒక్కో పేరు ఇచ్చాను.

మొదట ఏదీ తెరుచుకోలేదు. పేర్లను యంత్రాల చిరునామాలకు కలిపే డీఎన్ఎస్‌లో, రాకపోకలను మధ్యలో అందుకుని పంపే ప్రాక్సీ ఆన్‌లో ఉండటమే కారణం. అది వెబ్ రాకపోకలనే పంపుతుంది కనుక ఆపేశాను. ఆ వెంటనే పక్కింటి పిల్లవాడు వచ్చి, “అన్నా, మా పేరు కొట్టినా అక్కోళ్ల సర్వరే వస్తుంది” అన్నాడు. వాడి మాటే అసలు దారి చూపింది. యాడ్ఆన్‌లో నేను ఎంచుకున్న ‘ఏ’ (A) రకం డీఎన్ఎస్ రికార్డు, పేరును ఐపీకి (యంత్రం చిరునామాకు) మాత్రమే కలుపుతుంది, పోర్టును చెప్పదు. అందువల్ల మూడు పేర్లూ మైన్‌క్రాఫ్ట్ జావా మామూలుగా వాడే పోర్టు 25565కే చేరుతున్నాయి.

రికార్డు రకాన్ని, పోర్టును కూడా చెప్పే ఎస్‌ఆర్‌వీగా (SRV) మార్చి, సర్వీసు మైన్‌క్రాఫ్ట్ అనీ ప్రోటోకాల్ టీసీపీ అనీ రాసి, ప్రతి సర్వర్‌కు దాని పోర్టును ఇచ్చి, టార్గెట్‌లో ఐపీకి బదులు, ‘ఏ’ రికార్డు ఉన్న నోడ్ (సర్వర్లు నడిచే యంత్రం) పేరును పెట్టాను. పాత రికార్డును గుర్తుంచుకునే గడువు (టీటీఎల్) 300 సెకన్లు గడిచాక మూడూ వేర్వేరుగా తెరుచుకున్నాయి. ఫోన్లలో ఆడే మైన్‌క్రాఫ్ట్ రూపం బెడ్‌రాక్ మాత్రం ఎస్‌ఆర్‌వీని చూడదు. అక్కడ పోర్టును విడిగా ఇవ్వాల్సిందే.