పితృ తర్పణం నేర్చుకుందాం – 3వ పాఠం: చెయ్యి, పేర్లు

కిందటి పాఠంలో ఆచమనం, ప్రాణాయామం, సంకల్పం దాకా వచ్చాం. పవిత్రం (వేలికి పెట్టుకునే దర్భ ఉంగరం) ముడి ఇంకా చేతికి రానివాళ్ళు కంగారు పడకండి, నాలుగు దర్భలు పాడైతే గానీ అది పట్టుబడదు. ఈసారి అసలు తర్పణంలోకి దిగుతున్నాం. నీళ్ళు అరచేతిలో ఎటు నుంచి జారాలి, ఎవరి పేరు ఎలా పలకాలి, ఈ రెండూ వస్తే సగం పని అయిపోయినట్టే. మొదటిది పది నిమిషాల సాధన. రెండోదానికి ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కాస్త తీరిగ్గా కూర్చోవాలి.

నాన్నగారు ఉన్నవాళ్ళు పితృ తర్పణం చెయ్యరు. వాళ్ళు ఈ పాఠం చదివి, పేర్ల భాగం మాత్రం రాసి ఉంచుకుంటే చాలు. చేత్తో సాధన వద్దు.

ఇక చెయ్యి సంగతి. కుడి అరచేతిని ముందుకు చాపి చూడండి. వేళ్ళ కొసలు దేవతీర్థం. చిటికెన వేలి మొదలు ఋషితీర్థం. బొటనవేలి మొదలు బ్రహ్మతీర్థం, ఆచమనం నీళ్ళు తీసుకునేది ఇక్కడి నుంచే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న సందు పితృతీర్థం. దేవతలకు తూర్పు ముఖంగా ఒక్కొక్కసారి, ఋషులకు ఉత్తర ముఖంగా రెండేసిసార్లు, పితరులకు దక్షిణ ముఖంగా మూడేసిసార్లు నీళ్ళు వదులుతాం. జంధ్యం కూడా దాంతోపాటే మారుతుంది. దేవతలకు మామూలుగా ఎడమ భుజం మీద (సవ్యం), ఋషులకు మెడలో దండలా (నివీతం), పితరులకు కుడి భుజం మీద (ప్రాచీనావీతం). జంధ్యం లేనివాళ్ళు ఉత్తరీయాన్ని ఇలాగే మారుస్తారు.

ఇప్పుడు ఒక పళ్ళెం ముందు పెట్టుకుని, చిన్న చెంబుతో నీళ్ళు తీసుకోండి. నువ్వులు వద్దు, మంత్రం వద్దు, ఇది చేతికి అలవాటు కోసమే. అరచెయ్యి పైకి ఉంచి, బొటనవేలిని కొంచెం ఎడంగా చాపి, చేతిని మెల్లగా కుడివైపుకి వంచండి. ఎడమ చేత్తో చెంబు వంచి అరచేతిలో సన్నటి ధార పొయ్యండి. నీళ్ళు బొటనవేలి పక్కనుంచి జారి పళ్ళెంలో పడాలి. చాలామందికి మొదట్లో వేళ్ళ కొసల మీంచి కారిపోతాయి, ఎందుకంటే పూజలో మనకి అలవాటైన వైపు అదే. చూపుడువేలిని కాస్త పైకి ఎత్తి పట్టుకుంటే ధార దానంతటదే సందులోకి వస్తుంది.

అసలు రోజున నువ్వులు పెట్టుకుంటే ఇంకో చిక్కు వస్తుంది. నల్లనువ్వులు తడి చేతికి ఇట్టే అంటుకుపోతాయి. నీళ్ళు జారిపోతాయి, నువ్వులు అరచేతిలోనే ఉండిపోతాయి. అందుకని అరచేతి మధ్యలో కాకుండా సరిగ్గా ఆ సందు దగ్గరే చిటికెడు పెట్టుకోండి. ధార వాటి మీదుగానే పోతుంది కాబట్టి రెండూ కలిసి జారతాయి. ఒక్కొక్కరికి మూడుసార్లు వదలాలి కనుక చిటికెడే చాలు, గుప్పెడు అక్కర్లేదు. ఏదైనా ఇక దక్కదనుకున్నప్పుడు 'నువ్వులూ నీళ్ళూ వదిలేశాం' అంటుంటాం కదా, ఆ మాట పుట్టింది ఇక్కడే. కానీ ఇక్కడ వదలడమంటే వదిలించుకోవడం కాదు, ఇవ్వడం.

ఇప్పుడు పేర్లు. నేను మొదటిసారి కూర్చున్నప్పుడు నాన్న వైపు మూడు తరాలూ గడగడా చెప్పేశాను. తర్వాత పురోహితుడుగారు "మీ అమ్మగారి నాయనమ్మ పేరు?" అన్నారు. నా చేతిలో నీళ్ళు అలాగే ఉండిపోయాయి. అప్పటికప్పుడు పెద్దమ్మకి ఫోన్ చేశాను. పేరు చెప్పి ఆగలేదావిడ. "కళ్ళు సరిగ్గా కనబడకపోయినా చేమంతులు గుచ్చేదిరా, ఒక్క పువ్వు కూడా రేకు రాలేది కాదు" అంది. అప్పటిదాకా నాకు లేనే లేని మనిషి ఆ క్షణంలో వచ్చి ఎదురుగా కూర్చున్నట్టనిపించింది. ఇప్పుడు ఆ పేరు పలికినప్పుడల్లా చేమంతులే గుర్తొస్తాయి.

నాన్నగారికి చెప్పే వాక్యం ఇది:

అస్మత్ పితరం, కౌండిన్య గోత్రం, ఫలానా శర్మాణం, వసురూపం, స్వధా నమస్తర్పయామి.

కౌండిన్య ఉన్నచోట మీ గోత్రం, ఫలానా ఉన్నచోట ఆయన పేరు. శర్మాణం అన్నచోట వర్మాణం, గుప్తం, దాసం, మీ ఇంటి ఆచారం ఏదైతే అది. 'తర్పయామి' అని మూడుసార్లు పలుకుతూ మూడుసార్లు నీళ్ళు వదలండి. అస్మత్ అంటే మా. దేవతలకు ఇచ్చేటప్పుడు స్వాహా ఎలాగో పితరులకు స్వధా అలాగ. తర్పయామి అంటే తృప్తి పరుస్తున్నాను. 'స్వధానమస్తర్పయామి' అని ఒక్క ఊపులో వినబడేసరికి చాలామందికి ముక్కలు తెలియవు. స్వధా, నమః, తర్పయామి అని విడదీసి ఒక్కసారి మనసులో అనుకుంటే ఇక తప్పు రాదు.

తాతగారికి పితామహం, రుద్రరూపం. ముత్తాతగారికి ప్రపితామహం, ఆదిత్యరూపం. తండ్రులు వసువులు, తాతలు రుద్రులు, ముత్తాతలు ఆదిత్యులు అని మనుస్మృతి మూడో అధ్యాయంలో ఉంది. ఆడవాళ్ళకు మాతరం, పితామహీం, ప్రపితామహీం. గోత్రం అన్నచోట గోత్రాం అని దీర్ఘం వస్తుంది. అమ్మగారు ఉంటే ఆవిడ పేరు వదిలి నాయనమ్మతో మొదలుపెడతారు. అమ్మ వైపు మాతామహం (అమ్మ నాన్న), మాతుః పితామహం (అమ్మ తాత), మాతుః ప్రపితామహం (అమ్మ ముత్తాత), తర్వాత వాళ్ళ భార్యలు: మాతామహీం, మాతుః పితామహీం, మాతుః ప్రపితామహీం. మొత్తం 12 మంది, 36 సార్లు నీళ్ళు. వేదశాఖను బట్టి మాటల్లో కొద్ది తేడాలుంటాయి, మీ పురోహితుడుగారు చెప్పినదే మీకు ప్రమాణం.

ఎక్కువమంది తడబడేది గోత్రం దగ్గర. నాన్న వైపు ఆరుగురికీ మీ గోత్రమే, ఎందుకంటే పెళ్ళయ్యాక అమ్మకీ నాయనమ్మకీ అదే గోత్రం. అమ్మ వైపు ఆరుగురికీ అమ్మ పుట్టింటి గోత్రం. అమ్మమ్మ పుట్టింటి గోత్రం ఎక్కడా రాదు. ఎంత అడిగినా గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం చెప్పడం ఆచారం. పేర్ల విషయంలో మాత్రం అంత తేలిగ్గా వదిలెయ్యకండి. పాత పెళ్ళి శుభలేఖలు, పొలం దస్తావేజులు వెతకండి. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళెవరో వాళ్ళని ఈ వారమే కలవండి, వచ్చే నెలకి వాయిదా వెయ్యొద్దు.

ఇంటి పని: ఒక కాగితం మీద 12 గీతలు గీసి సంబంధం, గోత్రం, పేరు, రూపం రాయండి. ఆ పేర్లు తెలిసిన పెద్దవాళ్ళ ముందే చదివి వినిపించండి, తప్పుంటే అప్పుడే దిద్దుతారు. కాగితాన్ని ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, సంక్రమణానికో పుష్కరాలకో నది ఒడ్డున కూర్చున్నప్పుడు అక్కరకొస్తుంది.

వచ్చే పాఠంలో కారుణ్య పితరులకు (ఈ 12 మంది కాక పోయిన మిగతా మనవాళ్ళకు) ఇచ్చే తర్పణం, చివర్లో బట్ట పిండి చేసే నిష్పీడనం నేర్చుకుందాం. చిన్నప్పుడే పోయిన అన్నయ్య, పిల్లలు లేని మేనత్త, అక్షరాలు దిద్దించిన మాస్టారు, మీకు ఎవరెవరు ఉన్నారో వాళ్ళ పేర్లు అదే కాగితం వెనకవైపు రాసి ఉంచండి.